నిద్ర కోసం ఇంటి మందు: వాడే ముందు మూడు ప్రశ్నలు



హోసూరు నుంచి ఒక చెల్లెమ్మ ఉత్తరం రాసింది. వాళ్ళ ఇంట్లో ఇద్దరికి నిద్ర లేదట. ఒకరు డెబ్బై ఏళ్ళ అత్తగారు, ఇంకొకరు నాలుగు నెలల పసిబిడ్డ. అత్తగారికి రాత్రిపూట పాలలో గసగసాలు, జాజికాయ నూరి కలిపి ఇస్తున్నారు. అదే సానరాయి మీద జాజికాయ అరగదీసి బిడ్డ నాలుకకు కూడా రాస్తున్నారు. "మా జేజి కాలం నుంచీ ఉన్నదే కదా హకీం సాబ్. గింజలూ కాయలే కదా, మందు బిళ్ళల్లాగా ప్రమాదం ఉండదు కదా?" అని అడిగింది.

బిడ్డ సంగతి పత్రిక అచ్చయ్యేదాకా ఆగేది కాదు కనుక ఆమెకు ఫోనులోనే జవాబు చెప్పాను. బిడ్డకు జాజికాయ వెంటనే ఆపమన్నాను. అత్తగారు వేసుకునే మాత్రలేమిటని అడిగితే అప్పుడు బయటపడింది. బి.పి.కి ఒకటి, నిద్రకు ఒకటి డాక్టరు రాసిన మాత్రలు ఆమె రోజూ వేసుకుంటున్నారు. ఈ పాల సంగతి ఆ డాక్టరుకు తెలియదు. ఆ మాత్రల సంగతి నాకు రాసిన ఉత్తరంలో లేదు.

ఇలాంటి ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. అందుకే ఈ వారం పాఠం ఇదే.

ముందు నా పొరపాటు చెబుతాను

సుమారు ఇరవై ఏళ్ళ కిందటి మాట. అరవై దాటిన ఒక అమ్మ నిద్ర పట్టడం లేదని నా దగ్గరికి వచ్చింది. నబ్జ్ చూశాను, నాలుక చూశాను, తిండి గురించి, విరేచనం గురించి అడిగాను. అస్రోల్, అంటే సర్పగంధి వేరు కలిసిన చూర్ణం ఇచ్చాను. "ఇంకేమైనా మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?" అని మాత్రం అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఇంగ్లీషు మందుల మాట ఎత్తితే హకీం సాబ్ కోప్పడతారేమో అనుకుందట.

సర్పగంధి నిద్రనూ తెస్తుంది, రక్తపోటునూ దించుతుంది. ఆమె అప్పటికే బి.పి. మాత్ర వేసుకుంటోంది. రెండూ కలిశాయి. అయిదో రోజు ఫజర్ నమాజుకు వుజూ చేద్దామని చీకట్లో లేచి, కళ్ళు తిరిగి స్నానాల గదిలో పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. మళ్ళీ నడిచింది కానీ చేతికర్ర లేకుండా నడవలేకపోయింది. ఆమె కొడుకులు నన్ను ఒక్క మాట అనలేదు, అంతా ఖిస్మత్ అన్నారు. అడగవలసిన మాట నేను అడగలేదని నాకు తెలుసు.

ఆ రోజు నుంచి నా దవాఖానాలో ఒక నియమం పెట్టుకున్నాను. ఇంట్లో ఉన్న మందుల సంచీ ముందు బల్ల మీదకు రావాలి. నబ్జ్ చూడడం ఆ తరువాతే.

యూనానీలో నిద్ర స్థానం

ఆరోగ్యం నిలవడానికి తప్పనిసరి అయిన ఆరు విషయాలను మన వైద్యంలో 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. గాలి, తిండీ నీరూ, శరీరానికి శ్రమా విశ్రాంతీ, మనసుకు శ్రమా విశ్రాంతీ, నిద్రా మెలకువా, మలినాలు పోవడమూ అవసరమైనవి నిలవడమూ. ఈ ఆరింటిలో ఒకటి చెడితే మిగిలినవీ చెడతాయి. కాబట్టి నిద్ర లేదని వచ్చిన మనిషికి మందు రాసే ముందు మిగతా అయిదింటినీ చూడాలి. మధ్యాహ్నం మూడు గంటలు పడుకుని, సాయంత్రం నాలుగు కప్పుల చాయ్ తాగి, ఇషా తరువాత పదిన్నరకు బిర్యానీ తిన్న మనిషికి ఏ ఖమీరా నిద్ర తెస్తుంది?

నిద్ర పట్టకపోవడాన్ని మన వైద్యంలో 'సహర్' అంటారు. మెదడులో వేడి, పొడిదనం పెరగడం దీనికి ముఖ్య కారణమని హకీములు చెప్పారు. అందుకే చల్లదనమో తేమో ఇచ్చే కాహూ గింజలు, గుమ్మడి గింజలు, బాదం వాడుతూ వచ్చారు. జాజికాయ స్వభావం ఇదే లెక్క ప్రకారం వేడి, పొడి. అంటే నిద్ర లేని ప్రతి ఒక్కరికీ జాజికాయ పాలు ఇవ్వడాన్ని మన శాస్త్రమే ఒప్పుకోదు. పెద్దల పేరు చెప్పి వాడేవన్నీ పెద్దలు చెప్పినవి అయి ఉండవు.

ఇక మూడు ప్రశ్నలకు వద్దాం. ఎవరికి? ఎంత? దేనితో పాటు? ఈ మూడింటికీ జవాబు తెలియకుండా ఇంటి మందు కూడా ఇవ్వకూడదు.

మొదటి ప్రశ్న: ఎవరికి?

పసిబిడ్డల విషయంలో నా మాట గట్టిగా ఉంటుంది. సంవత్సరం నిండని బిడ్డకు నిద్ర కోసం ఏ మందూ ఇవ్వకండి. జాజికాయ వద్దు, వస కొమ్ము వద్దు, గసగసాల కషాయం వద్దు. కొన్ని ఊళ్ళలో ఏడుపు మాన్పడానికి నల్లమందు రవ్వంత నాలుకకు రాసే అలవాటు ఉండేది. నల్లమందు బిడ్డ ఊపిరినే ఆపేయగలదు. మత్తులో ఉన్న బిడ్డను చూసి హాయిగా నిద్రపోతోంది అనుకుంటాం. అక్కడే మోసపోతాం.

తేనె కూడా సంవత్సరం లోపు బిడ్డకు వద్దు. తేనె మంచిదే, పెద్దవాళ్ళకు షిఫా ఉన్నదే. కానీ అందులో కొన్నిసార్లు ఒక రకం సూక్ష్మజీవి గింజల రూపంలో ఉంటుంది. పెద్దల పేగులు దాన్ని తట్టుకుంటాయి. పసివాళ్ళ పేగుల్లో అది పెరిగి విషం పుట్టిస్తుంది. దీన్ని బొటులిజం అంటారు. ముందు మలబద్ధకం వస్తుంది, ఏడుపు నీరసంగా మారుతుంది, మెడ వాలిపోతుంది, పాలు పీల్చలేరు. నాలుగు నెలల బిడ్డ రాత్రి రెండు మూడుసార్లు లేవడం జబ్బు కాదు. ఆకలి, తడి బట్ట, కడుపులో గాలి, ఈ మూడూ చూడండి. ఎంతకీ ఆగని ఏడుపు అయితే పిల్లల డాక్టరుకు చూపించండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా సొంతంగా ఏ చూర్ణమూ మొదలు పెట్టకూడదు. అస్‌గంద్, అంటే పెన్నేరు గడ్డ, ఇప్పుడు నిద్రకూ బలానికీ అని అందరూ వాడుతున్నారు. గర్భిణులకు అది తగదు. థైరాయిడ్ హార్మోన్లను పెంచే గుణం దానికి ఉంది కనుక థైరాయిడ్ జబ్బు ఉన్నవారు అడగకుండా వాడకూడదు. కొందరిలో అది కాలేయాన్ని దెబ్బతీసినట్టు వైద్యులు నమోదు చేశారు. వాడుతుండగా కళ్ళు పసుపెక్కినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి పరీక్ష చేయించుకోవాలి.

షుగరు ఉన్నవారు ఇంకొకటి గుర్తుంచుకోండి. ఖమీరాలు, షర్బతులు, మాజూన్లు చక్కెర పాకంలోనో తేనెలోనో చేసినవే. "మందు కదా" అని రోజుకు రెండు చెంచాలు తింటే షుగరు పెరుగుతుంది. షుగరు పెరిగితే రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తారు. ఉన్న నిద్ర కూడా పోతుంది.

రెండో ప్రశ్న: ఎంత?

మన ఇళ్ళలో తాతల నాటి బయాజ్‌లు, అంటే చేతిరాత మందుల పుస్తకాలు ఉంటాయి. వాటిలో కొలతలు రత్తి, మాషా, తులాలలో ఉంటాయి. 8 రత్తులు 1 మాషా. 12 మాషాలు 1 తులం. ఈనాటి లెక్కలో రత్తి సుమారు 0.12 గ్రాము, మాషా సుమారు 1 గ్రాము, తులం 11.66 గ్రాములు. బంగారం అంగడిలో ఇప్పుడు 10 గ్రాములను తులం అంటున్నారు. అది వేరే లెక్క.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేటి పిల్లలు రత్తిని చదవలేక "ఒక చెంచా అయి ఉంటుందిలే" అనుకుంటున్నారు. చెంచా చూర్ణం రెండు మూడు గ్రాముల పైనే తూగుతుంది. రత్తి చోట చెంచా వేస్తే మందు ఇరవై రెట్లు దాటవచ్చు. బయాజ్‌ను గౌరవించండి, కానీ దానిలోని మందును హకీముకు చూపించకుండా కలపకండి.

జాజికాయనే తీసుకోండి. ఒక పెద్ద కాయ సుమారు 5 గ్రాములు తూగుతుంది. కూరలో, హల్వాలో చిటికెడు వేస్తే బాధ లేదు. 5 గ్రాముల పొడి మింగితే పెద్దవాళ్ళకే వాంతులు, గుండె దడ, నోరు ఎండిపోవడం, మాట తడబడడం, లేనివి కనబడడం మొదలవుతాయి. పైగా దాని పని నెమ్మదిగా, కొన్ని గంటల తరువాత కనిపిస్తుంది. పది గంటలకు తాగి, పదకొండైనా నిద్ర రాలేదని మళ్ళీ తాగేవారికి ఇక్కడే ప్రమాదం.

గసగసాల సంగతి కూడా అంతే. కుర్మాలో వేసే ఒక చెంచాకు నేను అడ్డు చెప్పను. కానీ గింజల్లో కాయ పాలు అంటుకుని ఉంటాయి. ఒక బస్తాలో తక్కువ, ఇంకో బస్తాలో ఎక్కువ. గుప్పెళ్ళ కొద్దీ నానబెట్టి ఆ నీళ్ళు తాగడం, కాయ తొక్కను కషాయం కాచడం నల్లమందు తాగడంతో సమానం. ఉమ్రాకు, హజ్‌కు, గల్ఫ్ ఉద్యోగాలకు వెళ్ళేవారికి ఇంకో మాట. సౌదీ అరేబియాలో, యు.ఎ.ఇ.లో గసగసాలు నిషిద్ధం. సింగపూరులోనూ అంతే. అమ్మ ప్రేమతో కట్టిచ్చిన మసాలా పొట్లంలో అవి ఉన్నా విమానాశ్రయంలో కష్టాలు తప్పవు.

మూడో ప్రశ్న: దేనితో పాటు?

ఎక్కువ ప్రమాదాలు ఇక్కడే జరుగుతున్నాయి. మందు ఒక్కటే అయితే శరీరం తట్టుకుంటుంది. దాని పక్కన ఇంకో మందు చేరినప్పుడు లెక్క మారుతుంది.

నిద్ర మాత్ర వేసుకునేవారు జటామాంసి, అస్‌గంద్, అస్రోల్ వంటివి కలిపితే మత్తు రెట్టింపు అవుతుంది. ముసలివాళ్ళు పడిపోతారు. లారీ, ఆటో నడిపేవారికి తెల్లవారాక కూడా మత్తు వదలదు.

అస్రోల్ చరిత్ర తెలుసుకోవడం మంచిది. మన హకీములు నిద్రలేమికీ ఉన్మాదానికీ దీన్ని తరాలుగా వాడారు. 1931లో రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దీఖీ ఈ వేరు నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, హకీం అజ్మల్ ఖాన్ (1868–1927) పేరు మీద దానికి అజ్మలిన్ అని పేరు పెట్టారు. 1952లో ఇదే వేరు నుంచి రెసర్పిన్ తీశారు. ప్రపంచమంతా బి.పి.కి వాడింది. మన వేరుకు దక్కిన గౌరవం అది. అదే రెసర్పిన్ నాడిని నెమ్మదింపజేస్తుందని, కొందరిలో తీవ్రమైన దిగులు పుట్టిస్తుందని కూడా వైద్యులు గమనించారు. ఇంత బలమున్న వేరును మూలికల అంగడిలో కొని ఇంట్లో దంచుకోవడం ఎంత తప్పో మీరే ఆలోచించండి.

అతిమధురం చూడండి. రాత్రి దగ్గుతో నిద్ర రానివారు చప్పరిస్తారు. రెండు మూడు రోజులు అయితే సరే. వారాల తరబడి వాడితే రక్తపోటు పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. బి.పి., గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, మూత్రం మాత్రలు వేసుకునేవారికి ఇది మంచిది కాదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు వెల్లుల్లిని మందుగా ఎక్కువ మోతాదులో తీసుకోకూడదు. ఆపరేషన్ తేదీ పడితే, ఇంట్లో వాడే ప్రతి చూర్ణం పేరూ డాక్టరుకు ముందే చెప్పాలి.

ఒక హెచ్చరిక. "హకీం మందు మొదలు పెట్టాం కదా" అని డాక్టరు రాసిన నిద్ర మాత్రను ఒక్కసారిగా ఆపేయకండి. నెలల తరబడి వాడిన మాత్రను ఉన్నట్టుండి ఆపితే వణుకు, ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. రాసిన డాక్టరే కొద్దికొద్దిగా తగ్గించాలి.

కొనేటప్పుడు

మనం నాలుగైదు భాషల మధ్య బతుకుతున్నాం. పేర్లు తారుమారు అవుతాయి. మన గసగసాలను కన్నడంలో గసగసె, తమిళంలో కసకసా, ఒడియాలో పోస్త, మరాఠీలో ఖస్‌ఖస్ అంటారు. 'ఖస్' అంటే వట్టివేరు. షోలాపూరులో ఒకటి అడిగితే ఇంకొకటి కట్టే అవకాశం ఉంది. బాదంలో తీపి బాదం, చేదు బాదం అని రెండు రకాలు. చేదు బాదం కడుపులో సయనైడ్ విషాన్ని పుట్టిస్తుంది. నోటికి చేదు తగిలితే ఉమ్మేయండి.

తయారైన యూనానీ మందు కొంటే సీసా మీద యూనానీ మందు అనే మాట, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, కలిపిన వస్తువుల పేర్లు ఉన్నాయో లేదో చూడండి. వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి అనే హెచ్చరిక ఉంటే అందులో నల్లమందు, ఉమ్మెత్త వంటి విషపు సరుకు ఉండవచ్చని అర్థం. అలాంటిది పక్కింటివారికి పంచిపెట్టకండి. పేరూ లేబులూ లేని పొట్లంతో మొదటి రాత్రే గాఢనిద్ర పడితే సంతోషించకండి, అనుమానించండి. అలాంటి పొడుల్లో ఇంగ్లీషు నిద్ర మాత్రలు నూరి కలిపిన సందర్భాలు ఉన్నాయి. కుష్తాలు, అంటే లోహ భస్మాలు, సొంతంగా అసలే వద్దు.

మరి ఇంట్లో ఏం చేయవచ్చు?

చాలామందికి ఈ కింది పద్ధతులే సరిపోతాయి.

1. లేచే వేళ ఒకటే పెట్టుకోండి. ఫజర్ నమాజు మనకు అల్లాహ్ ఇచ్చిన మంచి గడియారం. రాత్రి నిద్ర పట్టకపోయినా పొద్దున ఆలస్యంగా లేవకండి. ఖైలూలా అరగంట దాటకూడదు. అస్ర్ తరువాత కునుకు వద్దు.

2. చాయ్, కాఫీ మధ్యాహ్నంతో ముగించండి. దాని ప్రభావం సగం తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది.

3. రాత్రి తిండి పడకకు రెండు మూడు గంటల ముందే, తేలికగా తినండి.

4. పాషోయా, అంటే పాదస్నానం. పడుకోవడానికి గంట ముందు గోరువెచ్చని నీటిలో పాదాలు పది, పదిహేను నిమిషాలు ఉంచి, తుడుచుకోవాలి. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు నీటి వేడిని సొంత పాదంతో చూసుకోకూడదు. ఇంట్లో ఇంకొకరు మోచేతితో చూడాలి. నొప్పి తెలియక పాదాలు కాల్చుకున్నవారిని చూశాను. పాదంలో పుండు ఉంటే పాషోయా వద్దు.

5. తలకు బాదం నూనె గానీ, నువ్వుల నూనె గానీ, రోగన్ లబూబ్ సబ్‌ఆ గానీ ఒక చెంచా మెల్లగా మర్దన చేయండి. ముక్కులో చుక్కలు వేయకండి. ముఖ్యంగా ముసలివారికి, పసివారికి ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి జబ్బు చేస్తుంది.

6. నానబెట్టిన బాదం అయిదారు నూరి గ్లాసు పాలలో తాగవచ్చు. షుగరు ఉంటే చక్కెర లేకుండా. ఛాతీలో మంట ఉన్నవారికి పడుకునే ముందు పాలు సరిపడకపోవచ్చు.

7. పక్క మీదకు సెల్‌ఫోను తీసుకెళ్ళకండి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి కూర్చుని జిక్ర్ చేసుకోండి. కళ్ళు బరువెక్కాక మళ్ళీ పడుకోండి.

ఒకసారి ఒకటే మొదలు పెట్టండి. రెండు వారాలు పడుకున్న వేళ, లేచిన వేళ ఒక పుస్తకంలో రాయండి. రంజాన్‌లో తరావీహ్‌కూ సహరీకీ మధ్య నిద్ర మందు వేసుకోకండి. మత్తు తీరకముందే లేవవలసి వస్తుంది.

ఇంట్లో ఆగకూడని సందర్భాలు

నిద్ర లేకపోవడం కొన్నిసార్లు వేరే జబ్బుకు గుర్తు. పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడడం ఉంటే అది నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. నిద్ర మందులు దాన్ని ఇంకా పెంచుతాయి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తే గుండె చూపించుకోవాలి. పదేపదే మూత్రానికి లేస్తుంటే షుగరు, ప్రోస్టేట్ పరీక్ష కావాలి. కాళ్ళు పీకి, కదిలిస్తే గానీ ఊరట లేకపోతే రక్తంలో ఇనుము చూడాలి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, బతుకు మీద విరక్తి కలుగుతుంటే అది మనసు జబ్బు, ఈమాన్ లోపం కాదు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర లేకపోయినా వైద్యుణ్ణి కలవండి.

మందు తిన్నాక మనిషి లేపినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా 108కి ఫోను చేయండి. వాంతి చేయించడానికి ఉప్పునీళ్ళు పోయకండి. తిన్న పొట్లాన్ని, సీసాను ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

యూనానీ వైద్యమే కావాలనుకునేవారికి బెంగళూరులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యూనానీ మెడిసిన్ ఉంది. చెన్నై, ముంబై, ఒడిశాలోని భద్రక్‌లో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ యూనానీ పరిశోధనా సంస్థలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా మందుల సంచీ వెంట తీసుకెళ్ళండి.

గుర్తుంచుకోండి

ఎవరికి? ఎంత? దేనితో పాటు? ఈ మూడు మాటలు కాగితం మీద రాసి మందుల డబ్బా మూత మీద అంటించండి. డాక్టరు దగ్గర హకీం మందును, హకీం దగ్గర డాక్టరు మందును దాచకండి. మేము కోప్పడితే తప్పు మాది.

హోసూరు చెల్లెమ్మ మొన్న మళ్ళీ ఫోను చేసింది. బిడ్డ రాత్రి రెండుసార్లు లేస్తోందట, పాలు తాగి పడుకుంటోందట. అత్తగారిని డాక్టరుకు చూపించి, పాల సంగతి చెప్పారట. ఆయన జాజికాయ మానమన్నారు, మాత్రను మెల్లగా తగ్గిస్తామన్నారు. పాషోయా మాత్రం కొనసాగించమన్నారు. అల్‌హందులిల్లాహ్.

వచ్చే వారం, ఇన్షా అల్లాహ్, ముసలితనంలో మలబద్ధకం గురించి మాట్లాడుకుందాం.